రాని కామెర్లకు కృతజ్ఞతార్పణ

మా ఇంట్లో ఒక ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు. "ఏమండీ, నాకేం లేదు కదా?" అని నేను అడుగుతాను. మా ఆయన మొక్కలకు నీళ్ళు పడుతూ, తల కూడా తిప్పకుండా, "ఏమో" అంటారు. పక్కింటావిడ ఒకసారి ఇది విని, "మీ ఆయన ఇంత రాతిగుండె మనిషని అనుకోలేదండి" అంది. నిజానికి ఆ మాట డాక్టరుగారు చెప్పిన మందు. పరగడుపునా వేయొచ్చు, భోజనం తర్వాతా వేయొచ్చు. ఆయన దాన్ని కాస్త ఎక్కువ హుషారుగా వేస్తున్నారేమోనని నా అనుమానం.

అనుమానమే నా జబ్బు కూడా. నాకు ఓసీడీ ఉంది, దానికి తోడు ఆరోగ్యం గురించి భయం. ఓసీడీ అనగానే మాటిమాటికీ చేతులు కడుక్కోవడం అనుకుంటారు జనం. మా వంటగట్టు చూసిన మనిషెవరూ నాకా జబ్బు ఉందంటే నమ్మరు. నాది శుభ్రం గోల కాదు, ఖాయం చేసుకునే గోల. తలనొప్పి వస్తే అది ఉత్త తలనొప్పేనని ఖాయం కావాలి. ఎవరో ఒకరు ఖాయం చేస్తారు. వాళ్ళు గుమ్మం దాటేలోపు మళ్ళీ మొదటికొస్తుంది. అనుమానం పెనుభూతం అన్న పెద్దలు దానికి రోజుకు ఎన్నిసార్లు ఆకలేస్తుందో మాత్రం చెప్పలేదు.

మాది కడియం. మా ఆయన కౌలుకు తీసుకున్న పొలం చెక్కలో చిన్న నర్సరీ నడుపుతారు. ఆ మొక్కల మధ్య నిలబడి నేను వీడియోలు తీసి నెట్‌లో పెడతాను. మందారం మొగ్గ రాలిపోతుంటే ఏం చేయాలి, కరివేపాకు కుండీలో ఎందుకు బతకదు, ఇలాంటివి. నర్సరీకి వచ్చే బేరాల్లో సగం ఆ వీడియోలు చూసి వచ్చేవే. బడిపంతులుగా రిటైరైన మా అమ్మ మాతోనే ఉంటుంది. మాది లూథరన్ కుటుంబం. అమ్మకు చర్చి తర్వాతే ఏదైనా, మొక్కలతో సహా.

ఈ పనీ ఈ జబ్బూ కలిసి చేసిన విచిత్రాలు చాలా ఉన్నాయి. మొదట్లో ఒకసారి, గులాబీకి పురుగు పడితే వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి చల్లమని వీడియో పెట్టాను. పెట్టి అన్నం ముందు కూర్చున్నానో లేదో, ఎవరైనా అది తాగితే అనిపించింది. ఎవరు తాగుతారు, ఎందుకు తాగుతారు అని బుర్ర అడగలేదు. వీడియో తీసేసి, "ఇది తాగకూడదండి" అని చేర్చి మళ్ళీ పెట్టాక గానీ ముద్ద దిగలేదు. అప్పట్నించి ఆ మాట మానలేకపోయాను. వానపాముల ఎరువు గురించి చెప్పినా "ఇది తినకూడదండి". ఒకసారి ఎలాగో మరిచిపోతే, "ఈసారి తాగొచ్చో లేదో చెప్పలేదేంటక్కా, గ్లాసు పట్టుకుని కూర్చున్నాం" అని ఎవరో రాశారు. నేను లోపల వణుకుతూ చెప్పిన మాట జనానికి హాస్యమైపోయింది. కొన్నాళ్ళకు నాకూ నవ్వొచ్చింది.

నవ్వు రానిది ఎడిటింగ్ దగ్గర. మామూలు మనిషి తల దువ్వుకునేటప్పుడు ముఖం చూసుకుంటుంది, అయిపోతుంది. నేను నా ముఖాన్ని ల్యాప్‌టాప్ నిండా పరుచుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూడాలి. మెడ మీద పుట్టుమచ్చ పోయిన ఏడాది ఇంతే ఉందా? పాత వీడియో తీసి పక్కన పెట్టు. ఎడమ కనురెప్ప ఆ మాట దగ్గర ఎందుకు అదిరింది? ఇంకోసారి తిప్పు. పది నిమిషాల వీడియోకి పూట పట్టేది. అందులో మొక్కల కోసం చేసిన పని తక్కువ, నా శవపరీక్ష ఎక్కువ.

ఇలా ఉండగా బంతి నారు మీద ఒక వీడియో తీశాను. కెమెరాకు ఏది తెలుపో మనమే చెప్పాలి. మబ్బు పట్టిన రోజు ఒకలా, ఎండ రోజు ఒకలా. నేను మబ్బు రోజు పెట్టిన సెట్టింగు మార్చకుండా సాయంత్రపు ఎండలో తీసేశాను. అంతా పసుపు కలిపినట్టు వచ్చింది. బంతిపూల వీడియో కదా, ఆ పసుపు పూలదే అనుకున్నాను. ఆ రోజు లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు, తొందరలో అలాగే పెట్టేశాను. పొద్దున్న లేచేసరికి ఒక కామెంటు కనబడింది: "అక్కా, కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఒకసారి చూపించుకోండి." దాని కింద ఇంకొకరు, "నేనూ అదే అనుకున్నానండి, కామెర్లలా ఉంది."

మా నాన్న పోయింది కామెర్లు ముదిరే. నేను కాలేజీలో ఉండగా పోయారు. అందుకని మిగతా జబ్బులు నా దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేవి గానీ, కామెర్లు మాత్రం సొంతింటికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాయి.

అద్దం ముందుకు పరిగెత్తాను. కింది రెప్ప లాగి చూశాను. తెల్లగానే ఉన్నట్టుంది. ఉన్నట్టుండడం సరిపోదు, ఖాయం కావాలి. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారం అమ్మ కట్టుకునే తెల్ల చీర బీరువాలోంచి తీసి, కొంగు కంటి పక్కన పెట్టుకుని రెండు తెలుపులూ పోల్చాను. గంజి పెట్టి, నీలిమందు వేసి ఆరేసిన చీరతో ఏ కన్ను పోటీ పడుతుంది? కన్ను ఓడిపోయింది. అమ్మ లోపలికొచ్చి, చీర ముఖానికి అడ్డం పెట్టుకున్న నన్ను చూసి, "ఏంటే, ఎవరితో దాగుడుమూతలు?" అంది.

రాజమండ్రి వెళ్ళి రక్తం ఇచ్చాను. ఏమీ లేదన్నారు. ఎంత తేలిగ్గా అనిపించిందంటే బస్టాండులో మామిడితాండ్ర కొనుక్కుని నమిలాను. బస్సు వేమగిరి దాటేసరికి తాండ్రా అయిపోయింది, ఊరటా అయిపోయింది. సీసాలు తారుమారై ఉంటే? నా రక్తం మీద ఇంకెవరి పేరో రాసి ఉంటే? మర్నాడు ఇంకో ల్యాబులో ఇచ్చాను. అక్కడా ఏమీ లేదన్నారు. రెండు చోట్లా తప్పు జరగదా అని బుర్ర అడిగింది. నా బుర్రకు చదువు తక్కువ గానీ ప్రశ్నలకు లోటు లేదు.

ఈలోగా అమ్మ ఊరుకోలేదు. శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటారు. అమ్మ లేచి, "మా అమ్మాయికి కామెర్ల అనుమానం, ప్రార్థించండి" అని చెప్పి వచ్చింది. ఆ మాటల్లో "అనుమానం" కూడిక గుమ్మం దాటేలోపే జారిపోయింది, కామెర్లు మిగిలాయి. శనివారం పొద్దున్నించి పరామర్శలు. మామూలుగా రోగిని చూడటానికి బత్తాయిలు, బ్రెడ్డు తెస్తారు. కామెర్లకు కొబ్బరి బొండాలు, చెరకురసం. మా వరండాలో బొండాల గెలలు చూసి, లారీ డ్రైవరొకడు మేం మొక్కల వ్యాపారం మానేశామేమోనని అడిగాడు. ఒకావిడ పసరు మందు వేసే ఊరికి బండి మాట్లాడతానంది. ఇంకో పెద్దావిడ నా రెప్ప పైకెత్తి, వెలుతురుకి తిప్పి, "అబ్బే, తగ్గుముఖంలో ఉందమ్మా, నీకేం కాదు" అంది. తగ్గుముఖంలో ఉందంటే ఉన్నట్టేగా. ఆవిడ ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది, నేను ఆ పూటంతా మంచం దిగలేదు.

ఆ తర్వాత వీడియోల్లో ముఖం చూపించడం మానేశాను. చేతులు మాత్రమే చూపించి, గొంతు వినిపించేదాన్ని. కొన్నాళ్ళకు గోళ్ళ రంగు మీద అనుమానం వచ్చింది. చేతులూ మానేశాను. మొక్క ఒక్కటే కనబడేది, అదీ ఎవరో చచ్చిపోయినట్టు మౌనంగా. చివరికి వీడియోలే ఆగిపోయాయి. నర్సరీలో ఫోను మోగడం తగ్గింది. మా ఆయన పూలు రాలిపోతున్న కుండీలను గేటు ముందునుంచి వెనక్కి సర్దుతూ ఉండేవారు, నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఆ పని నాకు ఎంత ఇష్టమో అది చేతిలోంచి జారుతున్నప్పుడు తెలిసింది.

మూడోసారి రక్తపరీక్షకు వెళ్తే అక్కడి డాక్టరుగారు రాయనన్నారు. రాజమండ్రిలోనే మానసిక వైద్యం చూసే ఒక లేడీ డాక్టరుగారి దగ్గరికి పంపారు. ఆవిడ నా కథంతా విని, కామెంట్ల దగ్గర నవ్వు ఆపుకుని, ఒకటే అడిగారు.

"ఎవరైనా నీకేం లేదు అంటే ఆ ఊరట ఎంతసేపు ఉంటుందండి?"

"వేమగిరి దాకా" అన్నాను.

"మరి వేమగిరి తర్వాత?"

"ఇంకొకరిని అడుగుతాను."

"అందుకే ఇంక మీకు ఆ మాట ఎవరూ చెప్పకూడదు. అడిగితే ఏమో అనాలి. అది విని, ఆ ఏమోతోనే మీరు మీ పని చేసుకోవాలి. మొదట్లో ప్రాణం పోతున్నట్టుంటుంది. పోదని కూడా నేను చెప్పను."

నాకు ఆవిడ అప్పుడే నచ్చారు. మాత్రలు కూడా రాశారు. మాత్రల పెట్టెలో మడిచి పెట్టే కాగితాన్ని మా ఆయన కొట్లోనే తీసి జేబులో పెట్టుకున్నారు. అది చదివితే అందులో ఉన్నవన్నీ నాకు వరసగా వస్తాయని ఆయనకు తెలుసు. ఇంకో పని కూడా అప్పగించారు డాక్టరుగారు: ముఖం కనబడేలా ఒక వీడియో తీయాలి, ఒక్కసారే చూసుకోవాలి, పెట్టేయాలి. రంగు బాగాలేకపోయినా సరే.

మా ఆయన ఏమోను ఒక్కరోజులో నేర్చేసుకున్నారు. అమ్మ మాత్రం ససేమిరా అంది.

"నేను విశ్వాసిని. నా బిడ్డకి ఏం కాదని నమ్ముతాను. ఏమో అనడానికి నాకు నోరు రాదు" అంది.

"అది మందమ్మా."

"అయితే ఆ మందు మీ ఆయన్ని వేయమను. నేను వేయను."

మందులు పనిచేయడం మొదలుపెట్టాయి. మా ఆయన ఏమోలు కూడా. అడగడం కాస్త తగ్గించాను. వీడియో మాత్రం తీయలేకపోతున్నాను. కెమెరా పెట్టడం, తీసేయడం. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం చర్చికి వెళ్ళాం. కానుకలు పట్టాక, కవర్లలో వచ్చిన కృతజ్ఞతార్పణలు చదవడం మా చర్చిలో అలవాటు. ఎవరో పరీక్ష పాసైనందుకు, ఎవరికో మనవడు పుట్టినందుకు. పాస్టరు అయ్యగారు ఒక కవరు తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివారు: "ఒక సహోదరి, తన కుమార్తెను కామెర్ల వ్యాధి నుండి స్వస్థపరచినందుకు దేవునికి కృతజ్ఞతార్పణ చెల్లించుచున్నారు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పాటల పుస్తకంలోకి చూస్తోంది. అప్పుడు ఏ పాటా లేదు.

"ఆ కుమార్తె ముందుకొచ్చి నాలుగు మాటలు సాక్ష్యం చెబితే బాగుంటుంది" అన్నారు అయ్యగారు.

బెంచీల్లోంచి అందరూ నా వైపు తిరిగారు. బొండాలు తెచ్చినవాళ్ళు, చెరకురసం తెచ్చినవాళ్ళు, రెప్ప ఎత్తి చూసిన పెద్దావిడ. వాళ్ళ ముఖాల్లో సంతోషం చూస్తే నిజం చెప్పడానికి సిగ్గేసింది. అబద్ధం చెబుదామంటే అది చర్చి. లేచి వెళ్ళాను. మైకు కనబడగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది, ఇన్నేళ్ళ అలవాటు.

"అందరికీ వందనాలండి. నాకు కామెర్లు తగ్గలేదండి. అసలు రాలేదు. వీడియోలో రంగు తేడా."

 ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద ఒకాయన మెల్లగా, "మరి ఆ బొండాలమ్మా?" అన్నారు.

"తాగేశామండి."

చర్చిలో అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. అయ్యగారు కూడా నవ్వి, "అయితే రోగం రాకముందే ప్రభువు తగ్గించాడన్నమాట. ఇంకా మంచిది" అన్నారు. ఆ నవ్వు ధైర్యంతోనే మిగతాది చెప్పేశాను. నాకున్నది ఓసీడీ అని, దానికి మందులు వాడుతున్నానని, నీకేం కాదని చెప్పినకొద్దీ అది బలుస్తుందని. "మీరంతా నాకోసం ప్రార్థన చేశారు, అది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. ఒక్క ఉపకారం చేయండి. ఇకమీదట నేనెప్పుడైనా నాకేం లేదు కదా అని అడిగితే, దయచేసి ఏమో అనండి." కృతజ్ఞత, పశ్చాత్తాపం, స్వస్థత అన్నీ విన్న ఆ గోడలు ఇలాంటి విన్నపం మొదటిసారి విని ఉంటాయి.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ చేయి కలిపారు. "వందనాలమ్మా. ఏమో మరి" అని ఒకరు. "ఏమోనమ్మా, చెప్పలేం" అని నవ్వుతూ ఇంకొకరు. పెద్దావిడ నా రెప్ప ఎత్తబోయి, ఆగి, చేయి వెనక్కి తీసుకుని, "ఏమోలే" అంది. నేను నవ్వుకుంటూ ఆటో ఎక్కాను. 

ఇంటికొచ్చాక కోడికూర వడ్డిస్తున్నప్పుడు నేనే కదిపాను. "రాని రోగానికి కృతజ్ఞతార్పణ ఏంటమ్మా?"

"వచ్చి తగ్గితేనే ఇవ్వాలా? రానందుకు ఇచ్చాననుకో" అంది.  

కాసేపటికి గరిటె గిన్నెలో పెట్టేసి, తనే చెప్పింది. "మీ నాన్నని ఆసుపత్రిలో చేర్చిన రోజు, వరండాలో డాక్టరుగారిని ఆపి అడిగాను. ఏం కాదు కదండీ అని. ఆయన నడుస్తూనే, ఏమోనమ్మా అన్నాడు. ఆ మాట పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఇంక లేవలేకపోయాను. ఇప్పుడు నిన్ను చూసి అదే మాట అనమంటున్నావు."

నాకు అన్నం సహించలేదు. విశ్వాసం అని ఇన్నాళ్ళూ ఆమె చెప్పిందీ, మొండితనం అని నేను అనుకున్నదీ ఇది. ఆమె "నీకేం కాదు" అన్నప్పుడల్లా నాకు మాత్రమే చెప్పలేదు, తనకూ చెప్పుకుంది. నేను ఒక్కదాన్నే ఖాయం చేసుకుంటున్నాననుకున్నాను, ఇంట్లో ఇద్దరం చేసుకుంటున్నాం. నాకు ఏడుపొచ్చింది. అమ్మ "ముందు తిను" అంది, ఏడ్చేవాళ్ళకు మా ఇంట్లో వేసే మందు అదే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మళ్ళీ కెమెరా పెట్టాను. మల్లె తీగ కత్తిరింపు మీద. ముఖం, చేతులు, గొంతు, అన్నీ నావే. తీశాను. డాక్టరుగారు చెప్పినట్టు ఒక్కసారి చూసుకున్నాను. సాయంత్రపు ఎండ మళ్ళీ కాస్త పసుపు కొట్టింది. వీడియోను నెట్‌లో పెట్టే బటన్ మీద వేలు ఉంచాను గానీ నొక్కలేకపోయాను.  మా ఆయన లారీ దగ్గర ఉన్నారు. అమ్మ వరండాలో బెండకాయలు తుడుస్తోంది. అడగకూడదని తెలిసే అడిగాను.

"అమ్మా, నా కళ్ళు బాగున్నాయి కదా?"

అమ్మ నోరు తెరిచింది. "నీకేం..." దాకా వచ్చి ఆగింది. ఆ మాట వెనక్కి మింగడం ఆమె మెడ మీద నాకు కనబడింది. బెండకాయ పళ్ళెంలో పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, నా తల మీద చేయి వేసి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, దీని కళ్ళలో ఏముందో నాకు తెలియదు. నీకు తెలుసు. దీని పని దీన్ని చేసుకోనివ్వు. ఆమెన్."

 ఆ చేయి ఇంకా నా తల మీదే ఉంది.

"అంటే ఏమో అన్నట్టేనా?" అని అడిగాను.

"నేను ఏమో అనలేదు. ప్రార్థన చేశాను. నొక్కు" అంది.

నొక్కాను. ప్రాణం పోతున్నట్టే ఉంది. ఆ ఉండడం అలాగే ఉండనిచ్చి, అమ్మ పక్కన కూర్చుని బెండకాయలు తుడిచాను. రెండోసారి వీడియో చూడలేదు. ల్యాప్‌టాప్ మూత వేశాను, ఫోను అమ్మ చేతికిచ్చి నాకు ఇవ్వొద్దన్నాను. కాసేపటికి ఫోను మోగడం మొదలైంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పైకి చదివింది. "ఎన్నాళ్ళకు కనబడ్డారండి." "అక్కా, మల్లె కొమ్మలు తినొచ్చా?" ఇద్దరం నవ్వాం. ఆ తర్వాతది చదవబోయి ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"కళ్ళు మళ్ళీ పచ్చగా ఉన్నాయేంటండీ, ఒంట్లో బాగుందా? అని రాశారు ఎవరో."

 నా చేయి ఫోను కోసం దానంతటదే లేచింది. అమ్మ ఫోను అవతలి చేతిలోకి మార్చుకుంది.  తర్వాత ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, బడిలో బోర్డు మీద రాసినంత జాగ్రత్తగా ఏదో రాసింది. పంపాక నాకు చూపించింది.

"ఏమోనండి."

ఫోను బోర్లా పెట్టి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "చీకటి పడుతోంది, బెండకాయలు తరుగు" అంది. తరిగాను.